బెడోక్‌లో భోజనానికి పిలిచారు

కమలాపళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకోవాలా, కాళ్ళ దగ్గర పెట్టుకోవాలా తేల్చుకోలేక ముందు ఒళ్ళో పెట్టుకున్నాను, తర్వాత కింద పెట్టాను, రైలు బూన్ లే స్టేషన్లో కదిలేసరికి మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను. ఎదురుగా కూర్చున్న చైనా ముసలాయన ఒళ్ళో కూడా కమలాపళ్ళే. వాళ్ళ కొత్త సంవత్సరం వెళ్ళి రెండు వారాలు కూడా కాలేదు, ఈ పెట్టెలో సగంమంది ఒళ్ళో కమలాపళ్ళే. ఇక్కణ్ణించి బెడోక్‌కి దాదాపు గంట. ఈ పరదేశపు ఊరికి పడమటి కొసన జురాంగ్ వెస్ట్‌లో మేము, తూర్పున బెడోక్‌లో బాలనాగమ్మ. ఇవాళ ఆదివారం, రెండువేల సంవత్సరం ఫిబ్రవరి, నాకు యాభై రెండేళ్ళు, నేను బాలనాగమ్మ ఇంటికి భోజనానికి వెళ్తున్నాను. ఇందులో ఏముంది, ఒక తెలుగావిడ ఇంకో తెలుగావిడని పిలిచింది, అంతేగా అనుకుంటారు ఎవరైనా. బాలనాగమ్మ తల్లి రాములమ్మ మా దివాణంలో అంట్లు తోమేది. ఆ బాలనాగమ్మని నేను నెల్రోజుల కిందట నలుగురి మధ్యా నిలబెట్టాను. దానికి క్షమించమని అడగాలి. క్షమిస్తుందో లేదో తెలీదు. అసలు ఆమె వడ్డించిన కంచం ముందు కూర్చున్నాక నా చెయ్యి తిన్నగా అన్నంలోకి వెళ్తుందో, మధ్యలో ఆగుతుందో, అదీ తెలీదు. చిన్నప్పుడు నేర్పిన పాఠం దానికింకా గుర్తుండే ఉంటుంది. అందుకని సంచీ ముడి ఇంకోసారి బిగించాను.

పళ్ళ దగ్గరికి రావడానికే నాకు మూడు రోజులు పట్టింది. మొదట చీర అనుకున్నాను, నా దగ్గర కట్టని గద్వాల చీర ఉంది, తీసి మంచం మీద పెట్టాను, పెట్టాక గుర్తొచ్చింది, మా నాయనమ్మ ప్రతి దసరాకీ రాములమ్మకి చీర పడేసేది. ఇచ్చేది కాదు, పడేసేది, అది గాల్లోనే అందుకోవాలి. చీర మళ్ళీ బీరువాలో పెట్టేశాను. స్వీట్లంటే దివాణంలో మిగిలిన లడ్లు రాములమ్మ కొంగులో మూటగట్టుకుని వెళ్ళడం గుర్తొచ్చింది. గిన్నెలంటే సరేసరి. సాటి మనిషింటికి వెళ్తూ ఏం తీసుకెళ్తారో తెలీనంతగా పెరిగాను నేను. చివరికి మా ఆయన కేశవరావు పేపర్లోంచి తలెత్తి, "ఏదో పళ్ళు తీసుకెళ్ళు కాత్యాయనీ, ఈ నెల్లో ఈ ఊళ్ళో ఎవరు ఎవరింటికెళ్ళినా అవేగా" అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో. ముప్ఫై ఏళ్ళుగా ఆయన నా చిక్కుముళ్ళన్నీ ఇలాగే పేపర్ చదువుతూ విప్పారు, నేనెప్పుడూ మెచ్చుకున్న పాపాన పోలేదు, ఇవాళ ఇంటికెళ్ళాక చెప్పాలి. లేక్‌సైడ్ దాటింది, చైనీస్ గార్డెన్ దాటింది, కిటికీలోంచి వరసగా బ్లాకులు, వెదురు గడలకి ఆరేసిన బట్టలు, ఎవరి లుంగీ ఎవరిదో, ఎవరి దుప్పటి ఎవరిదో, అన్నీ ఒకే ఎండలో ఆరుతున్నాయి.

దివాణం అని పెద్ద మాట అంటున్నాను గానీ, గోదావరి జిల్లాలో అదొక పాత మేడ. ఎస్టేటు నాకు మాటలు రాకముందే పోయింది. వానొస్తే హాల్లో ఆరు చోట్ల గిన్నెలు పెట్టేవాళ్ళం, ఆ గిన్నెలు మళ్ళీ రాములమ్మే తోమేది. భూములు పోయినా నాయనమ్మ పేము కుర్చీ మాత్రం వరండాలో అలాగే ఉండేది, అందులో కూర్చుని ఆవిడ ఎవరు ఎక్కడుండాలో ఒక్క కంటిచూపుతో తేల్చేసేది. కరణంగారికి కుర్చీ. కాంపౌండరుకి బల్ల. బడిపంతులుకి బల్ల చివర, అదీ ఒక పక్కకి ఒదిగి. మిగతావాళ్ళకి నేల. రాములమ్మకి నేల కూడా లేదు, దొడ్డి మెట్టు దగ్గర నిలబడాలి. ఈ లెక్క నాకు ఎక్కాల కంటే ముందొచ్చింది. తమాషా ఏమిటంటే, పెద్దయి నేను ఇంగ్లీషు లెక్చరర్నయ్యాను, ఇరవై నాలుగేళ్ళు ఆడపిల్లల కాలేజీలో రెండొందల ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లీషు నవల పాఠం చెప్పాను, అందులోనూ అచ్చం ఇదే లెక్క. ఎవరి బండికి ఎన్ని గుర్రాలు, ఎవరు ముందు తల వంచాలి, ఏ ఇంటివాళ్ళని విందుకి పిలవచ్చు, ఎవరిని టీతో సరిపెట్టాలి. ఆ పెద్దింటావిడల గొంతు పెట్టి, ముక్కు పైకెత్తి చదివి చూపిస్తే పిల్లలు బల్లలు కొట్టి నవ్వేవాళ్ళు. కాత్యాయని మేడమ్ భలే అనుకరిస్తారని పేరు. అనుకరించడానికి నేను పడ్డ కష్టమేమీ లేదు, అది నా సొంత గొంతే.

జురాంగ్ ఈస్ట్‌లో రైలు నిండిపోయింది. ఊడ్చేవాళ్ళ యూనిఫాంలో ఒక ముసలామె ఎక్కి స్తంభం పట్టుకుంది, చేతి మీద నరాలు తేలి ఉన్నాయి, నేను లేచి కూర్చోమని సైగ చేశాను, కూర్చుంది, థాంక్యూ అనలేదు, వెంటనే కునుకులోకి వెళ్ళిపోయింది. నన్ను నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకున్న మరుక్షణం సిగ్గేసింది, సీటు ఇచ్చి దానికి మనసులో సన్మానం చేసుకోవడం కూడా దివాణం బుద్ధే. ఆమెకి అది ఒట్టి సీటు, అలిసిన మనిషి కూర్చుంది, అంతే. ఇలాంటివి ఈ ఊరు నాకు ఊరికే నేర్పుతోంది. మేం ఇక్కడికొచ్చింది అక్టోబర్లో, కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం ఉందని లోకమంతా హడలిపోతున్నప్పుడు. మా ఆయన బ్యాంకులో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష మీద జీవితమంతా గడిపారు, ఇక అదెవరికీ అక్కర్లేదు అనుకుంటున్న రోజుల్లో ఉన్నట్టుండి గిరాకీ వచ్చి, యాభై నాలుగేళ్ళ మనిషిని విమానం ఎక్కించి తెచ్చారు. ఆయన టీమ్‌కి లీడర్ పాతికేళ్ళ అమ్మాయి, దీక్షిత. రోజూ ఇంటికొచ్చి దీక్షిత అలా అంది, దీక్షిత ఇలా తేల్చింది అంటుంటే నేను వింటూ, మంచి ఇంటి పిల్లయి ఉంటుంది అనేదాన్ని. మంచి ఇల్లు అంటే ఏమిటని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

క్లెమెంటి. తలుపులు తెరుచుకున్నాయి, తల దించుకున్నాను, ఇక్కడ దిగేవాళ్ళలో నన్నెవరైనా గుర్తుపడతారేమో అన్నట్టు. ఈ స్టేషన్ పక్కనే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే ఆ హాకర్ సెంటరు, జనవరిలో ఆదివారం మధ్యాహ్నం, ఒక్క టేబుల్ ఖాళీ లేదు. ఒక్కటుంది. దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్. ఎవరో మరిచిపోయారు పాపం అనుకుని దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని కూర్చున్నాను. ఇక్కడ టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు వాళ్ళదని, చోప్ చెయ్యడం అంటారని, మంత్రి వచ్చినా దాన్ని కదపడని నాకు తెలీదు, చెప్పినా నమ్మేదాన్ని కాదు, ఒక కాగితం ముక్కకి అంత పరువు ఎలా ఉంటుంది. మా ఆయన పరోటాల లైన్లో ఉన్నారు. అంతలో ఒకావిడ పొగలు కక్కే ట్రేతో వచ్చి, టేబుల్ దగ్గర ఆగి, నన్ను చూసి, "చిన్నమ్మగారాండీ!" అంది. కుడి కనుబొమ మీద గాటు చూసి గుర్తుపట్టాను, రాములమ్మ కూతురు. చూసి నలభై ఏళ్ళయింది. ఎదురుగా మూడు స్టూళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆమె కూర్చోలేదు. నేను కూర్చోమనలేదు. అనాలని తోచనే లేదు, అదీ నా గొప్ప. పైగా ఎంతో దయగా ప్రశ్నలు వేశాను, మీ అమ్మ ఉందా, పోయిందా, అయ్యో, ఎప్పుడు, ఇక్కడెవరింట్లో పనిచేస్తున్నావు? అవును, అదీ అడిగాను. ఆమె ట్రేలో సూప్ గిన్నె అంచు దాటి బొటనవేలి మీద పడింది, ఆమె వేలు కదపలేదు. నేను ఆ ప్యాకెట్లోంచే టిష్యూ తీసి మూతి తుడుచుకున్నాను. అప్పుడొచ్చింది వెనకనుంచి ఒక పిల్ల, ఇంకో ట్రేతో. అమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది, నా చేతిలో ప్యాకెట్ వైపు చూసింది. "ఆంటీ, ఇది మా టేబులండీ. నేనే చోప్ చేసి వెళ్ళాను. మీరు కొంచెం లేస్తే మా అమ్మ కూర్చుంటుంది" అంది. గొంతు పెంచలేదు. సరిగ్గా అప్పుడే మా ఆయన పరోటాలతో వచ్చి, "అరే దీక్షితా, నువ్వా!" అన్నారు.

లేచాను. సారీ చెప్పానా? లేదు. ఇంటికొచ్చి, ఆ పిల్ల వాళ్ళమ్మమ్మ మా ఇంట్లో అంట్లు తోమేది తెలుసా అన్నాను, అదేదో వాదనలో గెలిచినట్టు. ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "నువ్వు లేచేదాకా ఆవిడ నిలబడే ఉంది" అన్నారు. ఆ రాత్రి నాకు భయం పట్టుకుంది, సిగ్గు కాదు, ఒట్టి భయం, రేపు ఆఫీసులో ఆ పిల్ల ఈయన మీద కక్ష తీర్చుకుంటుందేమోనని. మా దివాణంలో అయితే అలాగే జరిగేది, ఒకరి మీద కోపం ఇంకొకరి పొట్ట మీద తీరేది. సోమవారం సాయంత్రం గుమ్మంలోనే అడిగాను, ఏమంది ఆ అమ్మాయి. "ఏమంటుంది? రోజూలాగే నాకు కూడా కాఫీ తెచ్చింది, పాత ప్రోగ్రామ్ ఒకటి అర్థం కాలేదు అంకుల్, చెప్పండి అని పక్కన కూర్చుంది" అన్నారు. అప్పుడు మొదలైంది సిగ్గు. ఆ పిల్ల ఎవరి జుట్టూ పట్టుకోకుండా, ఎవరి కడుపూ కొట్టకుండా, తన చోటు తను అడిగి తీసుకుని, అక్కడితో వదిలేసింది. నా యాభై రెండేళ్ళలో ఇంత శుభ్రంగా ఒక పని చేసిన గుర్తు లేదు నాకు.

రెడ్‌హిల్, తియోంగ్ బారు, రైలు సొరంగంలోకి దిగింది, అద్దంలో నా మొహమే కనపడుతోంది, నాయనమ్మ ముక్కు. ఆ సిగ్గులో మిగతాది మా పక్క బ్లాకు అఫ్షీన్ పూర్తిచేసింది. పదహారేళ్ళ పిల్ల, హైదరాబాదీలు, ఇక్కడే పుట్టి పెరిగింది, నా దగ్గర ఇంగ్లీషు ట్యూషన్‌కి వస్తుంది. వాళ్ళ స్కూల్లో కూడా ఆ నవలే. ఆ వారం వ్యాసం రాసుకొచ్చి, పెన్సిలు నములుతూ, ఈ ఊరి యాస ఇంగ్లీషు కలిపి, "ఆంటీ, వీళ్ళు వై సో ప్రౌడ్ వన్? కూర్చోవాలంటే కూడా పర్మిషన్ కావాలా? సో సిల్లీ లా!" అంది. నేను అలవాటుగా ముక్కు పైకెత్తబోయి ఆగిపోయాను. వ్యాసం చివర రాసింది, ఈ పెద్దింటివాళ్ళు పుట్టుకతో చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకి అది తప్పని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సినవాళ్ళందరూ భయపడి నిలబడే ఉన్నారు, అందుకే వాళ్ళని చూస్తే నాకు జాలి అని. "రియల్ లైఫ్‌లో ఇలాంటివాళ్ళు మీకు తెలుసా ఆంటీ?" తెలుసమ్మా అన్నాను. పదికి తొమ్మిది వేశాను, ఒక మార్కు ఎందుకు తగ్గించానో ఇప్పటికీ తెలీదు, వచ్చే మంగళవారం పిలిచి ఇచ్చేస్తాను. ఇరవై నాలుగేళ్ళు నేను చెప్పిన పాఠాన్ని ఆ పిల్ల నాలుగు వాక్యాల్లో నాకు చెప్పింది. ఆ రోజు ఆమె వెళ్ళాక తలుపు వేసుకుని ఏడ్చాను, ఏడ్చాక ఒళ్ళు తేలికైంది, దేవుడి పటం ముందు కాదు గానీ ఆ వ్యాసం ముందు దణ్ణం పెట్టుకోబుద్ధయింది.

ఫోన్ నంబరు సంపాదించడానికి ఇంకో వారం. తీరా చేసి, "బాలనాగమ్మా, నేను కాత్యాయనిని, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. "ఆ రోజు సంగతేనాండీ," అంది. "ఒక మాట చెప్తానండి, ఏమనుకోకండి. నేను మీకు మర్యాదిచ్చి నిలబడలేదండి. నా కాళ్ళు వాటంతటవే నిలబడిపోయాయి. ఇరవయ్యేళ్ళు అంగన్‌వాడీలో పిల్లలకి అక్షరాలు దిద్దించానండి. కలెక్టరు గారొచ్చినా కుర్చీలో కూర్చునే మాట్లాడాను. మిమ్మల్ని చూడగానే ఈ కాళ్ళకేం పుట్టిందో! ఇంటికొచ్చి ఏడ్చానండి. మీ మీద కోపం కాదు, కాళ్ళ మీద." ఆ కాళ్ళకి ఆ చదువు చెప్పింది మా ఇల్లే. "ఆదివారం భోజనానికి రండి," అంది. "ఏదో ఒకటి తేలాలి కదండి." అప్పుడు నాకు తేగ గుర్తొచ్చింది. ఏడేళ్ళ నాకు ఐదేళ్ళ బాలనాగమ్మ దొడ్లో ఉడకేసిన తేగ విరిచి సగం పెట్టింది, నేను తిన్నాను, తియ్యగా ఉంది, నాయనమ్మ చూసింది. నా నోరు పసుపు నీళ్ళతో మూడుసార్లు కడిగించింది, రాములమ్మని మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టింది, బాలనాగమ్మ తల్లి కాళ్ళు పట్టుకుని ఆ నీడలో కూర్చుని నా వైపే చూసింది. ఈ కథ నేను కాలేజీ స్టాఫ్ రూంలో నవ్వుతూ చెప్పేదాన్ని, మా నాయనమ్మది ఎంత చాదస్తమో చూడండి అని. అందరూ నవ్వేవాళ్ళు. ఎండలో నిలబడ్డ మనిషి సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

కాలాంగ్ దగ్గర రైలు మళ్ళీ వెలుతుర్లోకి వచ్చింది, పెట్టెలో సగం ఖాళీ అయింది, ఆ ఊడ్చే ముసలామె ఎక్కడ దిగిందో గమనించనే లేదు. ఏం చెప్పాలో మనసులో వల్లె వేస్తున్నాను, నా తప్పు క్షమించు అనాలా, క్షమించండి అనాలా, చిన్నప్పట్నుంచీ నువ్వు అన్న మనిషిని, మీరు అంటే నాటకంలా ఉంటుంది, నువ్వు అంటే దివాణంలా ఉంటుంది. ఆమె నన్ను గుమ్మంలోంచే పంపేస్తే? పంపేస్తే పంపేస్తుంది, ఆమె ఇల్లు. అయినా పిలిచింది కదా. ఏ దారీ లేని చోట తలుపు తీసి పెట్టింది కదా, అదే చాలు, దానికే జన్మంతా రుణపడి ఉంటాను. లేవమన్న ఆ పిల్లకి, సిల్లీ అన్న ఈ పిల్లకి, పేపర్ వెనకాల నోరు మూసుకుని కూర్చున్న పెద్దమనిషికి, ముక్కూ మొహం తెలీని ఈ ఊరికి, వీళ్ళందరికీ కలిపి ఒక దణ్ణం పెట్టాలంటే ఏ దిక్కుకి తిరగాలో. యూనోస్, కెంబాంగన్. చెమటకి సంచీ అరచేతిలో జారుతోంది.

బెడోక్‌లో దిగి, దారి అడిగి, బ్లాకు వెతికి, లిఫ్టులో ఏడో అంతస్తుకి వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉంది, ఇనప గ్రిల్లు మాత్రం దగ్గరగా వేసి ఉంది, లోపల్నుంచి పోపు వాసన. బాలనాగమ్మ నైటీ మీద తువ్వాలు వేసుకుని, తడి చేతుల్తో వచ్చి గ్రిల్లు తీసింది. "వచ్చారాండీ, రండి రండి, ఆలస్యమైపోయింది, దీక్షిత పెరుగు కోసం కిందకెళ్ళింది" అంటూ నా చేతిలో పళ్ళు తీసుకుని బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. గంటసేపు కూడబలుక్కున్నది మొదలుపెట్టాను. "నేను క్షమించమని అడగడానికి..." "తెలుసండీ, ఫోన్లోనే తెలిసింది. అవతల నూనె కాగిపోతుంది. ఈ వంకాయలు గుత్తికి కోసి పెట్టండి" అని నా చేతిలో కత్తి పెట్టింది. దివాణంలో పుట్టినదాన్ని, అత్తారింట్లో వంటమనిషి, ఆ తర్వాత కాలేజీ. గుత్తి వంకాయ తిన్నాను గానీ ఎలా కోస్తారో చూడలేదు. ఒక కాయ తీసుకుని నిలువునా కోశాను, మళ్ళీ అడ్డంగా కోశాను, నాలుగు ముక్కలూ తొడిమతో సహా విడిపోయి నాలుగు వైపులా దొర్లాయి.

"అయ్యో మీ మొహం మండా!" అంది బాలనాగమ్మ. "తొడిమ తెగకూడదండీ!"

అని, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి, నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడిందేమో అన్నట్టు. స్టవ్ మీద నూనె పొగలొస్తోంది. నా మొహం గురించి ఆ మాట అన్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. నాకు నవ్వు ఆగలేదు, కత్తి పక్కన పెట్టి, గట్టు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆమె నోటి మీద చెయ్యి తీసేసి, స్టవ్ తగ్గించి, ఇంకో కాయ నా ముందుకి తోసింది.

"నవ్వింది చాలు గానీ, ఇదైనా సరిగ్గా కొయ్యండి" అంది. కోశాను.